భీమబలము, మందుబలము

నారాయణఖేడు చుట్టుపట్ల జాతర యనగా దేవుని దర్శనము, తినుబండారముల అంగళ్లు మాత్రమే కావు, కుస్తీయు ఉండవలెను. తెలుగు, కన్నడము, మరాఠీ ఒకదానిలో నొకటి కలిసిపోవు సరిహద్దు సీమ మాది. పూర్వము హైదరాబాదు సంస్థానమునను, పిమ్మట మెదకు జిల్లాలోను ఉండి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో చేరినది. ఇటు బీదరు, అటు దెగలూరు. ఏ దిక్కున పోయినను కొంతదూరమునకు భాష మారును గాని గోదా మారదు. పగటిపూట చిన్నపిల్లల పట్లతో పోటీ మొదలగును. గెలిచిన పిల్లవానికి కొబ్బరికాయ బహుమానము. ప్రొద్దు వాలినకొలదియు పెద్ద వస్తాదులు దిగుదురు, పందెము పెరుగును, డప్పు జోరెక్కును. చిట్టచివరి పట్టులో ఎదుటివానిని చిత్తు చేసినవానికి వెండి కడియము తొడిగి భుజములపై నెత్తుకొందురు.

ఆ గోదా చుట్టు కూర్చుండు మేము మల్లశాస్త్రము చదివినవారము కాము. అయినను ఎవని బలము ఎక్కడినుండి వచ్చినదో మాకు తెలియునని మా ధీమా. ఫలానా పిల్లవాడు కోడి కూయకమునుపే లేచి దండీలు, బస్కీలు తీయును. వాని తండ్రి వానికొరకే ఒక బఱ్ఱెను మేపుచున్నాడు. వాని తాత కూడ తాలీములో పెరిగినవాడే — ఇట్టి వంశచరిత్రలు పట్టు పట్టునకు మధ్య నడచుచుండును. పాలు, నెయ్యి, బాదములు, జొన్నరొట్టె, గురువు చేతి దెబ్బ: మా లెక్కలో మల్లుని బలమునకు కారణములు ఇవియే. ఇటీవల ఈ మాటల నడుమ క్రొత్త ప్రశ్న యొకటి వినవచ్చుచున్నది. “వీడు తాగినది పాలా, పొడియా? లేక సూదియా?” అని. అడిగినవాడు నవ్వుచునే అడుగును. విన్నవారును నవ్వుదురు. కాని ఆ నవ్వుతో గెలిచినవాని కడియము కొంత మాసిపోవును. మందు ముట్టనివాని కడియము కూడ అట్లే మాసిపోవుచుండుట ఇందలి అన్యాయము.

తెలుగువారికి బలవంతుడన్న మోజు క్రొత్తది కాదు. వీరఘట్టమున పుట్టి, విజయనగరమున సాము నేర్చి, సర్కసు పెట్టి దేశదేశములు తిరిగిన కోడి రామమూర్తినాయుడు ఱొమ్ముపై ఏనుగు నెక్కించుకొనెననియు, ఇనుపగొలుసులు తెంచెననియు, కదలు కార్లను పట్టి నిలిపెననియు చెప్పుకొనని ఊరు లేదు. ఆయన 1942లో మరణించెను. విశాఖపట్టణపు సముద్రతీరమున ఆయన విగ్రహము నేటికిని కలదు. ఆయనకు జనులిచ్చిన బిరుదు కలియుగ భీముడు. కృష్ణాజిల్లావారైన దండమూడి రాజగోపాలరావు బరువులెత్తుటలో దేశమంతట పేరు పొందిరి. 1963లో వచ్చిన ‘నర్తనశాల’ చిత్రములో భీముని వేషము వారిదే. విజయవాడలోని క్రీడాభవనమునకు వారి పేరు పెట్టిరి. మన కంటికి బలవంతుడు కనబడినచో మనము మొదట తలచుకొను పేరు భీమునిదే యనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

అయితే ఆ భీముని బలమునకు మూలమేమి? దుర్యోధనుడు అన్నములో విషము కలిపి, స్పృహ తప్పిన భీముని తీగలతో కట్టి గంగలో త్రోయించెను. అడుగున పాములు కరచుటచే విషమునకు విషము విరుగుడై భీముడు లేచెను. నాగలోకమున వాసుకి అనుజ్ఞతో ఎనిమిది కుండల రసము త్రాగెను. ఒక్కొక్క కుండలో వేయి యేనుగుల బలము కలదని వ్యాసభారతపు ఆదిపర్వకథ. నేటి పరీక్షాధికారి ఎవడైన ఆ నాడు మూత్రపు సీసాతో నాగలోకపు వాకిట నిలిచియున్నచో మన భీముని గతి ఏమగునో! ఇది పరిహాసమునకు అన్న మాటయే గాని, దీనిలో కొంత నిజము లేకపోలేదు. బలమును మెచ్చుకొనునప్పుడు అది యెట్లు వచ్చినదని అడుగు అలవాటు మన కథలకు తక్కువ. అడుగవలసిన అవసరము బలము పోటీగా మారిన తరువాతనే కలిగినది.

ఆ అవసరమును లోకము మెల్లగా గుర్తించినది. 1904లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు దూరపు పరుగులో మొదట గమ్యము చేరినవాడు నడుమ పదునొకండు మైళ్లవరకు మోటారుకారులో వచ్చెనని తెలిసి వానిని త్రోసిపుచ్చిరి. పతకము పొందినవాడు థామస్ హిక్స్. అతడు దారిలో సొమ్మసిల్లుచుండగా వెంటనున్నవారు గ్రుడ్డుసొనలో స్ట్రిక్‌నిన్ కలిపి త్రాగించిరి. పైన బ్రాందీయు ఇచ్చిరి. స్ట్రిక్‌నిన్ మనకు ఎరుగని వస్తువు కాదు. మన అడవులలో పెరుగు ముషిణి చెట్టు గింజలలోని విషమే అది. విషముష్టి యని మన వైద్యులు దానిని శుద్ధిచేసి కొలతతో వాడుదురు; కొలత తప్పినచో ప్రాణము తీయును. కారెక్కుట తప్పు, ముషిణిగింజ తప్పు కాదు — ఆనాటి న్యాయమిది. అదే వస్తువు 2001లో మన దేశపు ప్రసిద్ధ భారోద్వాహకురాలు కుంజరాణీదేవి నమూనాలో కనబడినప్పుడు ఆరుమాసములు పోటీలనుండి నిషేధించిరి. గింజ మారలేదు, నియమము మారినది.

అసలు ఉపద్రవము గింజలతో రాలేదు, మాత్రతో వచ్చినది. 1954లో వియన్నా పోటీలకు పోయిన అమెరికా వైద్యుడు జాన్ జీగ్లరు, రష్యా బలశాలులు పురుషగ్రంథి రసమును సూదిగా పొడిపించుకొనుచున్నారని అక్కడ వినెనని చెప్పుచుందురు. తిరిగివచ్చి ఔషధసంస్థవారితో కలిసి పనిచేయగా 1958లో ‘డయనబాల్’ అను మాత్ర బయలుదేరినది. దాని రసాయననామము మెథాండియనోన్. ఈ జాతి మందులకే స్టెరాయిడ్లని వాడుక. ఇవి కండరములలో మాంసకృత్తుల నిర్మాణమును పెంచును. అలసిన కండను త్వరగా కోలుకొనునట్లు చేయును.  మ్రింగినవాడు మఱింతసేపు సాధన చేయగలుగును. మోసగించినవాడును చెమటోడ్చినవాడే కనుక, తన గెలుపు తన కష్టఫలమేయని అతడు మనసార నమ్మును. ఈ మందుల మాయలో మిక్కిలి లోతైనది ఇదియే. దానికి చెల్లింపు తరువాత మొదలగును: కాలేయము చెడుట, గుండె కండ మందమగుట, పురుషులలో బీజశక్తి సన్నగిల్లుట, స్త్రీలలో గొంతు మారుట.

తూర్పు జర్మనీ ప్రభుత్వము 1974 నుండి దీనిని రహస్యమైన రాజ్యకార్యముగనే నడపెను. ఈతకొలనులలోని చిన్నబాలికలకు నీలిమాత్రలిచ్చి అవి విటమినులని చెప్పిరి. ఇట్టి మందులను పట్టు పరీక్షలు 1976లో మాంట్రియలు ఒలింపిక్సున మొదలు కాగా, పట్టుబడినవారిలో పెక్కుమంది బరువులెత్తువారే. 1988లో సియోలున బెన్ జాన్సన్ 100 మీటర్లు 9.79 సెకండులలో పరుగెత్తి లోకమును మెప్పించెను. మూడు దినములకే పతకము తిరిగి ఇచ్చివేసెను.

మన కథకు వత్తము. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న శిక్షణలో బరువులెత్త మొదలిడిన కరణం మల్లీశ్వరి 1994లోను, 1995లోను ప్రపంచవిజేత యయ్యెను. 2000 సెప్టెంబరు 19వ తేదీన సిడ్నీలో 69 కిలోల తరగతిలో 110, 130 వెరసి 240 కిలోలెత్తి కాంస్యపతకము పొందెను. ఒలింపిక్సున పతకమందిన తొలి భారతస్త్రీ ఆమెయే. మొదటి రెండు స్థానములవారు ఎత్తినది 242.5 కిలోలు. చివరి యత్నమున 137.5 కిలోలెత్తబోయి ఆమె విఫలురాలయ్యెను; ఎత్తియున్నచో స్వర్ణము ఆమెదే. అంత తక్కువ బరువు ఏల అడుగలేదని, ఇంత ఎక్కువ ఏల అడిగిరని మా వంటివారు పలుమార్లు వాదించుకొన్నాము. కాని అదే వారములో అవే పోటీలలో జరిగిన మఱియొక సంగతిని ఆ సంబరములో మనమెవ్వరమును పట్టించుకొనలేదు. బల్గేరియా దేశపు బరువులవారు ముగ్గురు ఫ్యూరోసెమైడ్ అను మందు దొరికినందున పతకములు పోగొట్టుకొనిరి. అందులో 48 కిలోల తరగతి స్త్రీల స్వర్ణము కూడ కలదు. అది వంటిలోని నీటిని మూత్రముగ వెడలించు మందు. బరువు తగ్గి క్రిందితరగతిలో చేరుటకును, ఇతర మందుల జాడ పలుచన చేయుటకును పనికివచ్చును.

మల్లీశ్వరి పతకము చెక్కుచెదరక నిలిచినది. ఆమె నడచిన బాటలోనే తరువాత వచ్చినవారిలో పెక్కురు జారిపడిరి. 2002 మాంచెస్టరు కామన్‌వెల్తు క్రీడలలో మన బరువులవారు ఇద్దరు, 2004 ఏథెన్సు ఒలింపిక్సున ఇద్దరు, 2006 మెల్‌బోర్నులో ఇద్దరు మందు కారణమున దోషులైరి. 2009లో మఱికొందరు పట్టుబడుటచే భారతసమాఖ్య 5 లక్షల డాలర్ల జరిమానా కట్టినపిమ్మటనే 2010 ఢిల్లీ క్రీడలలో మనవారికి ప్రవేశము దొరకినది. పేదయింటి బాలికకు ఒక పతకముతో ఉద్యోగము, ఇల్లు, ఊరిలో గౌరవము వచ్చునని మల్లీశ్వరి గెలుపు చూపినది. ఆ ఆశయే కొందరిని సాధనకు నడిపినది, కొందరిని మందుల దుకాణమునకు నడిపినది. ఆ మందును చేతిలో పెట్టిన పెద్దలలో ఎందరు శిక్ష ననుభవించిరని వెదకినచో లెక్క బహు చిన్నదిగా తోచును.

మా సీమ మల్లయుద్ధప్రియులకు మనస్సు మిక్కిలి నొచ్చిన సంవత్సరము 2016. నర్సింగ్ యాదవ్ మూడుమార్లు వరుసగా మహారాష్ట్ర కేసరి బిరుదు పొందినవాడు; సరిహద్దున నున్న మాకు పొరుగింటివాని వంటివాడు. 2015 ప్రపంచపోటీలలో కాంస్యము తెచ్చి రియో ఒలింపిక్సునకు 74 కిలోల స్థానము సంపాదించెను. రెండు ఒలింపిక్ పతకములు పొందిన సుశీల్ కుమార్ తమ యిరువురికి పట్టు పెట్టి నిర్ణయింపుడని న్యాయస్థానము కెక్కెను. ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము అంగీకరింపలేదు. ఇంతలో నర్సింగు నమూనాలలో మెథాండియనోన్ కనబడెను — 1958 నాటి ఆ మాత్రయే, అరువదేండ్లు కావచ్చినను ముసలిది కాలేదు. తన ఆహారములో ఎవరో కలిపిరని అతడు మొరపెట్టుకొనగా, దేశీయసంస్థ ఆగస్టు 1వ తేదీన అతనిని నిర్దోషి యనెను. ప్రపంచసంస్థ దానిపై అప్పీలు చేయగా, క్రీడల అంతర్జాతీయ న్యాయస్థానము ఆగస్టు 18వ తేదీన, అతని పట్టునకు ముందుదినమున, నాలుగేండ్ల నిషేధము విధించెను. కలిపిరనుటకు సాక్ష్యము లేదనియు, ఒకటికంటె ఎక్కువమార్లు మాత్రరూపమున తీసికొనియుండుట యే ఎక్కువ సంభవమనియు ఆ తీర్పు.

ఆనాడు మాలో మేము చేసిన వాదములను తలచుకొన్నచో సిగ్గును, నవ్వును కలిసి వచ్చును. అతని పక్షమువారికి కుట్ర స్పష్టముగ కనబడినది. సుశీలు పక్షమువారికి దోషము స్పష్టముగ కనబడినది. రసాయనశాల కాగితమును చూచినవాడు మాలో ఒక్కడును లేడు. అభిమానికి రుజువుతో పని లేదు. తనవాడు గెలిచినప్పుడు అతడు కన్ను మూసికొనును, ఎదుటివాడు గెలిచినప్పుడు భూతద్దము తీయును.

ఈ రోగము మా ఊరిదే కాదు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారి యిండ్లలో పిల్లలు క్రికెట్టుతోపాటు బేస్‌బాల్ కథలు కూడ చెప్పుచుందురు. ఆ ఆటలో బంతిని ప్రేక్షకుల నడుమ పడగొట్టుట హోమ్‌రన్. మన సిక్సరునకు పెద్దన్న యనుకొనవచ్చును. ఒక ఋతువులో 61 హోమ్‌రన్‌లు కొట్టిన రోజర్ మారిస్ లెక్క 1961 నుండి చెక్కుచెదరలేదు. 1998లో మార్క్ మెగ్వయిర్ 70, సామీ సోసా 66 కొట్టి దేశమును ఉఱ్ఱూత లూపిరి. ఆ ఆగస్టులోనే మెగ్వయిర్ అరలో ఆండ్రోస్టెన్‌డయోన్ సీసా యున్నదని ఒక విలేకరి వ్రాసెను. జనులు కోపగించినది విలేకరిపై! తాను స్టెరాయిడ్లు వాడితినని మెగ్వయిర్ స్వయముగ ఒప్పుకొనినది 2010లో. 2001లో బారీ బాండ్స్ 73 కొట్టెను. 2007లో హాంక్ ఆరన్ గారి 755 మొత్తమును దాటి, చివరకు 762 వద్ద ఆగెను. ఆ సంవత్సరాంతమున మిచెల్ నివేదిక వెలువడి ఎందరో ఆటగాండ్ర పేర్లను బయటపెట్టినది. అందు బాండ్స్ పేరును కలదు. తెలిసి వాడలేదని అతని మాట. ఆ ఆటవారి కీర్తిమందిరములో ప్రవేశించుటకు నూటికి 75 ఓట్లు కావలెను. 2022లో, తన పదవ అవకాశములో, అతనికి వచ్చినవి 66.

ఆరన్ లెక్కను దాటించిన బంతిని ఒక వస్త్రవ్యాపారి ఏడున్నర లక్షల డాలర్లకు పైగా ఇచ్చి కొనెను. దానినేమి చేయుదమని ప్రజలనే ఓటడిగెను. కొందరు ఉన్నదున్నట్లు మందిరమునకు ఇమ్మనిరి. కొందరు రాకెట్టులో చంద్రునిపైకి పంపుమనిరి. అందరికంటె ఎక్కువమంది దానిపై నక్షత్రపు గుర్తు ముద్రించి ఇమ్మనిరి. అచ్చుపుస్తకములో అడుగున వివరణ కలదని తెలుపు గుర్తే అది. అట్లే చేసిరి. తారకు తారయే కళంకమైనది. వెఱ్ఱిపనిగా తోచును గాని, ఈ విషయమున అభిమానులు చేసిన పనులలో ఇంత తూకమైనది మాకు మఱియొకటి కానరాదు. బంతిని పారవేయలేదు, జరిగినది జరుగలేదనలేదు. జరిగిన తీరును మాత్రము దానిపైననే వ్రాసిరి.

మన వ్యాసుడు ఈ పని ఎన్నడో చేసియుండెను. భారతయుద్ధము చివర గదాయుద్ధములో భీముడు దుర్యోధనుని తొడలు విరుగగొట్టెను. నాభికి దిగువ కొట్టరాదని గదాధర్మము. ఇరువురకు గురువైన బలరాముడు నాగలి యెత్తి మీదికి వచ్చెను. కృష్ణుడు పట్టి ఆపెను. వంచనతో పోరినవాడను పేరు భీమునికి లోకమున నిలుచునని పలికి బలరాముడు ద్వారకకు వెడలిపోయెను. మనము తరతరములుగ భీముని పక్షమే. హరికథలో తొడ విరుగునప్పుడు చప్పట్లు కొట్టుచునే యున్నాము. అయినను బలరాముని మాటను ఏ కథకుడును కొట్టివేయలేదు. అభిమానమును, అడుగున వివరణయు, రెండును ఒకే కథలో ఇమిడినవి.

ఇది పెద్దవారి కీర్తి మాత్రమే యైనచో ఇంత తర్కము అక్కరలేదు. ప్రపంచసంస్థ 2023 లెక్కలలో మన దేశమున పరీక్షించిన 5,606 నమూనాలలో రెండువందలకు పైగా దోషము తేలినవి, నూటికి 3.8. ఐదువేలకు పైగా నమూనాలు తీసిన దేశములలో ఇదియే అన్నింటికంటె ఎక్కువ. 2022లో పార్లమెంటు దీనిపై చట్టము చేసినది. మఱుసటి సంవత్సరము ఢిల్లీ రాష్ట్రపోటీలలో పరీక్షాధికారులు వచ్చిరన్న వార్త పొక్కగానే 100 మీటర్ల తుదిపరుగునకు ఎనమండుగురిలో ఒక్కడే నిలిచెను. ఆ యొక్కడు ఒంటరిగ పరుగెత్తి గెలిచెను. హైదరాబాదులో వ్యాయామశాలలకు పోవు యువకులకు మెఫెంటెర్మిన్ సూదులమ్ముచు పట్టుబడినవారి వార్తలు ఇటీవల పలుమార్లు వచ్చినవి. శస్త్రచికిత్సలో మత్తు ఇచ్చినపుడు రక్తపు పోటు పడిపోకుండ వైద్యులు వాడు మందు అది. దానిని గుండె బాగున్న ఇరువదేండ్ల పిల్లవాడు అద్దము ముందు భుజములు చూచుకొనుటకై పొడుచుకొనుచున్నాడు. వానికి పతకము లేదు, పరీక్ష లేదు, నిషేధము లేదు. కడుపులో బిడ్డవలె కాపాడుకొనిన తల్లికి సమాచారము తెలియునది ఆసుపత్రినుండియే.

ఇక మందు తిన్నవానిని క్షమింపవచ్చునా యని మమ్ము పలువురు అడుగుచుందురు. ఆ అధికారము మాకున్నదని మాకు తోచదు. చూచినవారికి పోయినది టికెట్టు డబ్బు. ఓడినవానికి పోయినది వాని యౌవనము. 2012 లండను ఒలింపిక్సున 60 కిలోల తరగతిలో మన యోగేశ్వర్ దత్తును ఓడించి పైకి పోయినవాడు రష్యా మల్లుడు బెసిక్ కుదుఖోవ్. అతడు తుదిపట్టువరకు పోవుటచేతనే ఓడిన యోగేశ్వరునకు మఱల పోరాడు అవకాశము దొరకినది, కాంస్యము వచ్చినది. కుదుఖోవ్ రజతము పొంది, 2013 డిసెంబరులో కారుప్రమాదమున మరణించెను. 2016లో అతని పాత నమూనాలో నిషిద్ధమైన మందు కనబడినదనియు, ఆ రజతము యోగేశ్వరునకు వచ్చుననియు వార్తలు పొక్కెను. మనదేశమున సంబరములు మొదలైనవి. యోగేశ్వరుడు మాత్రము అతడు గొప్ప మల్లుడనియు, పతకమును అతని కుటుంబమునొద్దనే ఉంచుటకు వీలైనచో ఉంచుడనియు ప్రకటించెను. మరణించినవానిపై విచారణ సాగదని అధికారులు వ్యవహారమును ముగించిరి. రజతము కుదుఖోవ్ పేరనే నిలిచినది. కాంస్యము యోగేశ్వరునిది.